గది లోపలి స్విచ్చి

"కూర్చోండి సార్. ఫొటోకి కూర్చున్నట్టు కాదు, రోజూ కూర్చునేలాగా," అంది లైట్లమ్మ.

ఫోర్మన్ గారికి అదే చేతకాలేదు. సొంత హాల్లో, సొంత కుర్చీలో, రోజూ చదివే పేపరే చేతిలో ఉన్నా ఆయన కర్ర మింగినట్టు నిటారుగా కూర్చున్నాడు. లైట్లమ్మ ఆరడుగుల కర్ర కొసకి బల్బు కట్టి, దాని వైరు వెనకాల ఈడ్చుకుంటూ ఆయన చుట్టూ నెమ్మదిగా తిరిగింది. రెండు నిమిషాలకి ఆయన ఆమెని మర్చిపోయి వార్తల్లో పడ్డాడు. నడుము జారింది, ఎడమ మోచెయ్యి కుర్చీ చేతిమీదికి వాలింది. అప్పుడు చూసుకుంది, పేపరు మీద తల నీడ పడకుండా ఉండాలంటే బల్బు ఎక్కడుండాలో. గోడమీద సుద్దముక్కతో చిన్న ఇంటూ పెట్టింది.

లైట్లమ్మ అన్నది వైరింగు మేస్త్రీలు పెట్టిన పేరు. ఏ ఇంటికి దీపాలు ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ రంగులో ఉండాలో ప్లాను గీసివ్వడం ఆమె పని. గదంతా మెత్తగా పరుచుకునేది పరిచే వెలుగు, చేతుల మీద పడేది పని వెలుగు, గోడకో బొమ్మకో అందం తెచ్చేది సోకు వెలుగు. ఈ మూడూ పొరలు పొరలుగా కలిస్తేనే గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి కాసేపు కూర్చోవాలనిపిస్తుందని ఆమె నమ్మకం. ఇన్నాళ్ళూ ఒక కంపెనీ పేరు మీద గీసింది. ప్లాను కింద తన పేరు పడబోయే మొదటి ఇల్లు ఇదే. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తోంది.

ఫోర్మన్ గారు అడిగింది ఇంకొకటి కూడా ఉంది. తన కుర్చీ పక్కన ఒక బోర్డు కావాలి. ఇంట్లో ఏ గది దీపమైనా అక్కణ్ణుంచే వెలగాలి, అక్కణ్ణుంచే ఆరాలి. ముప్పై రెండేళ్ళు ఫ్యాక్టరీలో షిఫ్టు అవగానే ఒక్క మీట కిందికి లాగి షెడ్డంతా చీకటి చేసిన చెయ్యి ఆయనది. రిటైరయ్యాక ఆ చేతికి తోచక, ఇంట్లో గదిగదికీ తిరిగి లైట్లార్పుతోంది. మనుషుల్లేని గదుల్లో ఆర్పితే ఎవరూ ఏమీ అనుకోరు. ఉన్న గదుల్లో కూడా ఆర్పుతాడు. ఈమధ్య మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కాబట్టి ఆ సుఖమేదో కూర్చున్నచోటే కావాలి.

"అదుపు ఒక్కచోటే ఉండాలమ్మా," అన్నాడు పేపరు మడుస్తూ. "షెడ్డయినా, ఇల్లయినా."

లైట్లమ్మ రాసుకుంది. ఇంతకన్నా వింత కోరికలు చాలానే విన్నది.

వంటింట్లో ఫోర్మన్ గారి భార్య కూరలు తరుగుతోంది. ఉన్న ఒక్క ట్యూబులైటూ ఆమె వీపు వెనక ఉంది. చెక్కమీద కత్తి ఆడినంత మేరా ఆమె తల నీడ, భుజాల నీడ. ఇన్నేళ్ళూ మీ నీడలోనే తరుగుతున్నారండీ అని లైట్లమ్మ అంటే, నా నీడేగా, పక్కింటావిడది కాదుగా అని ఆవిడ నవ్వింది. లైట్లమ్మ కర్రని ఆవిడ కళ్ళెదురుగా, అలమర అడుగుకి చేర్చి బల్బు వెలిగించింది. చెక్క తెల్లగా మెరిసింది. ఆవిడ కత్తి ఆపి తన వేళ్ళని తనే చూసుకుంది. ఇంత గాట్లున్నాయా నా చేతికి అని గొణుక్కుని మళ్ళీ తరుగుడులో పడింది.

ఆఖరున మధ్యగది. అది ఫోర్మన్ గారి చెల్లెలిది. చిరిగిన బట్టని దాని దారంతోనే, చిరుగు ఆనవాలు లేకుండా కలిపి కుట్టే రఫ్ఫు పని ఆమెది. ఊళ్ళో నాలుగు లాండ్రీలనుంచి కోట్లూ శాలువాలూ ఆమెకే వస్తాయి. ఆ భవనంలో పిల్లలందరికీ ఆవిడ దారాలత్త. గదికి పేరుకో కిటికీ ఉంది గానీ, అది పక్క భవనం గోడకి జానెడు దూరంలో తెరుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు లేకపోతే మనిషి మొహం కనపడదు.

చాపమీద, పొట్టి బల్ల ముందు కూర్చుని, ఒళ్ళో ముదురురంగు కోటు పెట్టుకుని, చేతి దగ్గర సిగరెట్టు కాల్చిన చిల్లుకి ఆవిడ అల్లిక వేస్తోంది. కోటు లోపలి మడతలోంచి లాగిన దారం అది. లైట్లమ్మ పక్కన గొంతుక్కూర్చుని బల్బు పట్టుకోబోయింది. ఇంతలో గది చీకటైపోయింది.

కరెంటు పోయిందనుకుంది. కానీ బయట వసారాలో చెప్పుల చప్పుడు హాలువైపు వెళుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ గది స్విచ్చి గుమ్మం బయట ఉంది.

తలుపు కింది సందులోంచి వచ్చే మసక వెలుతురులో చూస్తే, దారాలత్త కుడిచేతి సూది గాల్లో ఎక్కడున్నది అక్కడే ఆగింది. ఎడమచేతి చూపుడువేలు మాత్రం అల్లిక మీద మెల్లగా కదులుతోంది, ఎక్కడ ఆపిందో పోకుండా చూసుకుంటోంది. లైట్లమ్మ చివాల్న లేచింది.

"ఇప్పుడే వద్దు," అంది దారాలత్త.

ఎందుకని అడిగితే, ఆయన ఆర్పింది వెంటనే వేస్తే బాగుండదని, కుర్చీలో కూర్చున్న చప్పుడు వినపడ్డాక వేసుకోవచ్చని చెప్పింది. వాన వెలిశాక బయల్దేరుదాం అన్నంత మామూలుగా చెప్పింది. ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. కాసేపటికి హాల్లో కుర్చీ కిర్రుమంది. దారాలత్త సూదిని రవిక భుజానికి గుచ్చుకుని లేచి, తలుపు తీసి, చెయ్యి బయటికి చాపింది. స్విచ్చిని రెండువేళ్ళ మధ్య పట్టుకుని, టక్కుమనకుండా మెత్తగా ఒత్తింది. తిరిగొచ్చి కూర్చుని అల్లిక అందుకుంది.

ఆ రెండువేళ్ళ నేర్పు చూసి లైట్లమ్మకి ఒళ్ళు మండిపోయింది. యాభైనాలుగేళ్ళ మనిషి, కళ్ళు పణంగా పెట్టి బతికే మనిషి, తన గదిలో దీపాన్ని దొంగలా వేసుకుంటోంది. పైగా అందులో ఆరితేరింది.

మర్నాడు లైట్లమ్మ ఏడు కాగితాలు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది, గదికొక కాగితం. ఫోర్మన్ గారు మోకాళ్ళు చూపించుకోవడానికి వెళ్ళాడని తెలిసి సంతోషించింది. వైరింగు మేస్త్రీని హాల్లో సుద్దగీతలు గీయమని చెప్పి తిన్నగా మధ్యగదిలోకి వెళ్ళింది.

ముందు ప్లాను చూపించింది. ఈ గదికి చక్కటి పసుపు వెలుగు పెట్టానని, సాయంత్రపు ఎండలా ఉంటుందని, రోజంతా కూర్చున్నా మనసుకి హాయిగా ఉంటుందని ఒకింత గర్వంగానే చెప్పింది. దారాలత్త వింది. బట్టలోంచే పోగు దొరకనప్పుడు వాడే రెండు దారపుండలు డబ్బాలోంచి తీసి, మీ పసుపు బల్బు ఒకసారి వెలిగించమంది.

"ఇవేం రంగో చెప్పండి."

"రెండూ నలుపే కదా."

దారాలత్త కిటికీ దగ్గరికెళ్ళి, గోడల మధ్య పడే జానెడు పగటి వెలుతురులో వాటిని పట్టుకుంది. ఒకటి నలుపు. ఇంకొకటి ముదురు నీలం. ఈ హాయిలో కుడితే నీలం కోటుకి నల్ల మచ్చ పడుతుందమ్మా, లాండ్రీవాడు రెండోసారి నా మొహం చూడడు అంది. మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అయినా లైట్లమ్మ నాలుక్కరుచుకుంది. చేతులు ఎక్కడుంటాయో ఇంటిల్లిపాదినీ అడిగిన మనిషి, ఈ కళ్ళకి ఏం కావాలో అడగలేదు. అందరి ఇళ్ళకీ పరిచినట్టే ఇక్కడా పసుపు పరిచేసింది. అక్కడికక్కడే కొట్టేసి, బల్లకి కుడివైపునుంచి పగటిలాంటి తెల్ల వెలుగు అని రాసుకుంది.

ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసి అసలు సంగతి చెప్పింది. పెద్దాయన బోర్డులో ఈ గదికి ఒక మీట ఉంటుంది. అది నొక్కితే పైనున్న చిన్న దీపం ఆరుతుంది. బల్లమీది దీపానికి మాత్రం వేరే వైరు లాగి, స్విచ్చి బల్ల అడుగున, మోకాలికి అందేలా పెడుతుంది. ప్లానులో గీయదు. మేస్త్రీ తన మనిషే, నోరు విప్పడు. తలుపు కింది సందుకి ఒక గుడ్డ అడ్డం పెట్టుకుంటే ఆయనకి జన్మలో తెలియదు. ఇలాంటివి ఆమె ఇదివరకు మూడిళ్ళలో పెట్టింది. ఒక కోడలికి అలమర వెనక, ఒక ముసలావిడకి మంచం పట్టె కింద, చదువుకునే ఒక పిల్లకి పుస్తకాల చాటున. ఆ మూడు స్విచ్చిలూ తలుచుకున్నప్పుడల్లా ఆమెకి తనమీద తనకి ముచ్చటేస్తుంది.

దారాలత్త సూదిలోకి దారం ఎక్కించుకుంది. కొస ముడివేసింది.

"వద్దమ్మా," అంది.

భయపడకండి, ఆయనకి తెలిసే వీలే లేదు అంది లైట్లమ్మ.

"భయానికి కాదు. చిరుగు కనపడకుండా కుట్టడం నా పని. ఇంట్లో కూడా ఇన్నేళ్ళూ అదే చేశాను. ఇప్పుడు దీపం కూడా కనపడకుండా వెలిగించుకోమంటారా?" సూది కోటులోకి దిగి, రెండు పోగుల అవతల తేలింది. "పెడితే ప్లానులో గీయండి. అన్నయ్యకి చూపించండి. గోడకి పెట్టండి, అందరికీ కనపడేలాగా. లేదంటే మానేయండి."

"చూపిస్తే ఆయన ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోడు."

"మరి?"

"ఒప్పుకోనప్పుడు చూసుకుందాం." దారాలత్త తలెత్తి ఆమెవైపు చూసింది. "మీ పని పోతుందనా?"

లైట్లమ్మ అదేం లేదండీ అని కాగితాలు చుట్టేసుకుంది. మెట్లు దిగేటప్పుడు మేస్త్రీతో, సాయం చేస్తానంటే వంకలు పెడుతున్నారయ్యా ఈ రోజుల్లో అని రుసరుసలాడింది. మేస్త్రీ ఏ గది గురించని అడిగాడు. ఆమె చెప్పలేదు. నిజానికి ఆమెకి కోపం వచ్చింది దారాలత్త మీద కాదు. ఆ మూడు స్విచ్చిలూ ఒక్కసారిగా చిన్నబోయినందుకు.

మూడోరోజు పొద్దున ఫోర్మన్ గారు ప్లాన్లమీద సంతకాలు పెట్టడానికి కూర్చున్నాడు. చెవి వెనక ఎర్ర పెన్సిలు, ఫ్యాక్టరీనుంచి వెంటబెట్టుకొచ్చిన అలవాటు. కాగితం కాగితానికీ వేలుపెట్టి, ఒక్కో వైరు గీతనీ దీపం దగ్గర్నుంచి బోర్డుదాకా నడిపించాడు. హాలు సరిపోయింది. పడకగది సరిపోయింది. వంటింట్లో అలమర కింద దీపం దేనికన్నాడు, తరిగేచోట నీడ పడకుండా అని లైట్లమ్మ చెబితే, సరే కానివ్వండి, గీత బోర్డుకొచ్చిందిగా అన్నాడు.

మధ్యగది కాగితం ఆమె అడుగున పెట్టింది. అందులో స్విచ్చి గది లోపల ఉంది. దాని గీత దీపం దగ్గర మొదలై స్విచ్చి దగ్గర ఆగిపోయింది. చూపించమందిగా, చూపిస్తే ఏమవుతుందో తనే చూసుకుంటుంది అని సగం ఉక్రోషంతో గీసింది. కానీ ఫోర్మన్ గారి వేలు ఆ గీత వెంట నడిచి, గోడ దాటకుండా ఆగిపోయేసరికి ఆమె ఉక్రోషమంతా నీరుగారిపోయింది.

"ఇదేంటి, బోర్డుకి రాలేదే?"

లైట్లమ్మ నోట్లో చెప్పవలసిన మాట ఉంది. నాలుగు ముక్కల మాట. ప్లాను కింద, కుడిమూలన, తన పేరు అచ్చులో మెరుస్తోంది. ఈయన ఈ ఏడు కాగితాలూ విసిరికొడితే ఆ పేరు ఇంకో ఇంటికి ఎప్పుడు ఎక్కుతుందో తెలియదు.

"పొరపాటు పడ్డట్టుందండీ. చూస్తాను," అంది.

"పొరపాటు కాదన్నయ్యా. నేనే అడిగాను."

దారాలత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. ఫోర్మన్ గారు కళ్ళజోడు పైకి జరిపి, చిన్నపిల్లని చూసినట్టు చెల్లెల్ని చూసి నవ్వాడు.

"నీకిక్కడ ఏం తక్కువైంది చిట్టీ?"

"స్విచ్చి."

వదిన వంటింట్లో ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. ఫోర్మన్ గారి నవ్వు కొంచెంసేపు మొహంమీదే ఉండిపోయింది, ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు. తర్వాత ఆయన చెవి వెనకనుంచి ఎర్ర పెన్సిలు తీశాడు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారని, అప్పుడిక ఎవరి లైటు ఎవరు చూసుకుంటారని చెబుతూ, మధ్యగదినుంచి తన కుర్చీదాకా ఒక ఎర్రగీత లాగాడు. స్కేలు లేకుండానే తిన్నగా వచ్చింది. కింద సంతకం పెట్టాడు. రేపు అన్నీ తాత్కాలికంగా బిగించి ఒకసారి వెలిగించి చూపించండి, నచ్చితే గోడలు కొట్టించుకుందాం అన్నాడు.

దారాలత్త లోపలికి వెళ్ళిపోయింది. లైట్లమ్మ కాగితాలు సర్దుకుని బయటపడింది. మెట్ల మలుపులో ఆగి, రెయిలింగు పట్టుకుని కాసేపు నిలబడింది. సిగ్గేసింది. ఎదటి మనిషికి ధైర్యం చెప్పబోయిన తనే, ఆ మనిషి కళ్ళెదుట నీళ్ళు నమిలింది. పైగా ఆవిడ నోటి మాటని తన పొరపాటని చెప్పింది. పొరపాటట!

నాలుగోరోజు మధ్యాహ్నానికి మేస్త్రీ అన్నీ బిగించేశాడు. గోడల వెంబడి వైర్లు టేపులతో అతికించి, దీపాలు తాత్కాలికంగా కొక్కేలకి వేలాడదీసి, ఫోర్మన్ గారి కుర్చీ పక్కన స్టూలు మీద ఒక చెక్కబోర్డు పెట్టాడు. దానిమీద పద్నాలుగు స్విచ్చిలు. ఎండ రాకుండా హాలు కిటికీల తెరలన్నీ లాగారు. ఫోర్మన్ గారు గుండీలన్నీ పెట్టుకున్న చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

లైట్లమ్మ ఒక్కొక్కటే వేయించింది. ముందు పరిచే వెలుగు. కప్పు అంచులవెంట దాగిన దీపాలనుంచి మెత్తగా దిగి, మూలల్లో ఉన్న చీకట్లని ఖాళీ చేసింది. తర్వాత సోకు వెలుగు. పుస్తకాల అలమర మీదా, గోడకున్న పాత ఫొటోల మీదా ఏటవాలుగా పడింది. ఆఖరున కుర్చీ వెనక పని వెలుగు, తెల్లగా, పేపరు వెడల్పున. ఫోర్మన్ గారి భార్య కిటికీ దగ్గర తెర కొస పట్టుకుని నిలబడిపోయింది. ఇది మనిల్లేనా అంది. గదిగదికీ తిరిగి చూసొచ్చింది, వంటింట్లో అలమర కింద దీపంలో అరచేతులు తిప్పి చూసుకుని వచ్చి మళ్ళీ కిటికీ దగ్గర తెర కొస పట్టుకుంది. మేస్త్రీ కూడా మీసాల్లో నవ్వుకున్నాడు. ఇల్లంతా ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది. ఇంకొకప్పుడైతే లైట్లమ్మకి కడుపు నిండిపోయేది.

ఫోర్మన్ గారు వరసగా మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. వంటిల్లు ఆరింది. పడకగది ఆరింది. వసారా ఆరింది. మధ్యగది ఆరింది. ప్రతి మీటకీ ఆయన వయసు ఒక ఏడాది తగ్గుతున్నట్టుంది.

మధ్యగది తలుపు తెరుచుకుంది. దారాలత్త ఒక చేత్తో పీట, ఇంకో చేత్తో కోటూ దారపు డబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చింది. వచ్చి, అన్నయ్య కుర్చీ పక్కన, తెల్ల వెలుగు పడేచోట పీట వేసుకుని కూర్చుంది. కోటు ఒళ్ళో పరుచుకుంది.

"ఇక్కడేంటి?" అన్నాడాయన.

"నా దీపం నీ చేతిలో ఉంది కదా. నీ పక్కనే కూర్చుంటే నాకు తేలిక," అంది సూది వెతుక్కుంటూ.

వచ్చేపోయేవాళ్ళ ముందు ఇవేం పనులన్నాడు. గదిలోకి వెళ్ళమన్నాడు. గదిలో చీకటిగా ఉందన్నయ్యా అంది ఆవిడ. ఫోర్మన్ గారు ఒక్కక్షణం ఆలోచించి, కుర్చీ వెనక దీపం మీట నొక్కాడు. ఆవిడ ఒళ్ళూ, ఆయన పేపరూ ఒకేసారి నల్లబడ్డాయి.

ఆయన ఆర్పిన దీపాన్ని ఆయన చూస్తుండగా ఆ ఇంట్లో ఎవరూ వేసి ఎరగరు. దారాలత్త లేచి, బోర్డు మీదికి వంగి, వేలితో గట్టిగా నొక్కింది. టక్కుమంది. మళ్ళీ కూర్చుంది.

ఆయన ఆర్పాడు. ఆవిడ లేచి వేసింది. కూర్చుని, కోటు చేతిని వెలుగులోకి తిప్పుకుని రెండు పోగులు ఎత్తింది కూడా.

ఫోర్మన్ గారి చెవులు ఎర్రబడ్డాయి. చెల్లెల్ని వదిలేసి లైట్లమ్మ మీద పడ్డాడు. ఈ కుర్చీ వెనక దీపం పీకించెయ్యమన్నాడు. మధ్యగదికి అసలు కొత్త దీపమే వద్దన్నాడు, ఉన్న బల్బు చాలన్నాడు. మేస్త్రీ వైర్లు కత్తిరించే శ్రావణం చేతిలో పట్టుకుని లైట్లమ్మ మొహంలోకి చూశాడు.

ఈసారి ఆమె మాట్లాడటానికి ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏం చేస్తుందో నిన్ననే తెలిసింది.

"పీకను సార్," అంది. "నిన్న పొరపాటని అబద్ధం చెప్పాను. ఆ గీత కావాలనే గీశాను. ఆ గది స్విచ్చి ఆ గదిలోనే ఉండాలి. మీకలా వద్దనుకుంటే ఈ ఇంటిపని ఇంకెవరిచేతైనా చేయించుకోండి. నా పేరు మాత్రం కొట్టేయండి, ఈ బోర్డు కింద నా పేరు వద్దు."

 నిన్న మింగేసిన మాటలన్నీ బయటికొచ్చాయి.

దారాలత్త ఆమెవైపు చూసి, పీట కొంచెం పక్కకి జరుపుకుంది, పక్కన మనిషికి చోటిచ్చినట్టు.

ఫోర్మన్ గారు మూడోసారి మీట నొక్కాడు. ఈసారి అరచెయ్యి తియ్యలేదు. మిగిలిన మీటలన్నీ కూడా నొక్కేసి, బోర్డు మొత్తానికి తన చెయ్యి మూతపెట్టి కూర్చున్నాడు. తెరలు లాగి ఉన్న హాల్లో మనుషులు మసక ఆకారాలయ్యారు.

కాసేపటికి ఆయనకే తోచలేదు. తెర తియ్యమని భార్యతో అన్నాడు.

తెర కొస ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఒక్క లాగు లాగితే చాలు. ఆవిడ దాన్ని వదిలేసింది.

"చీకట్లో ఎలా ఉంటుందో మీరూ కాసేపు చూడండి," అంది.

 కింద వీధిలో ఏదో బండి హారను కొట్టుకుంటూ వెళ్ళింది. పై అంతస్తులో ఎవరో కుర్చీ ఈడ్చారు. ఫోర్మన్ గారు పేపరు ఎత్తి కళ్ళ దగ్గరగా పెట్టుకున్నాడు, దించాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అక్షరాలు కనపడలేదు. ఆయన పక్కన, చెయ్యి చాపితే తగిలే దూరంలో, చెల్లెలు నిబ్బరంగా కూర్చుని ఉంది. ఆమెకిది కొత్త కాదు. ఎంతసేపైనా కూర్చోగలదు. ఆయనకి కూర్చోవడం రాదు. షెడ్డులో మీట దించిన ప్రతిసారీ ఆయన గేటు బయటే నిలబడ్డాడు, లోపల ఎప్పుడూ లేడు.

"చిట్టీ," అన్నాడు.

"ఊఁ."

"అక్కడ... రోజూ ఇలాగే ఉంటుందా?"

"ఇంతకన్నా ఎక్కువ. నా గదికి తెర తీసినా వెలుతురు రాదు."

 బోర్డు మీద చెయ్యి కదిలింది. కుర్చీ వెనక దీపం వెలిగింది. దారాలత్త కళ్ళు చికిలించి, సర్దుకుని, ఏమీ జరగనట్టు సూది అందుకుంది.

"గీసుకోండమ్మా, ఏం గీసుకుంటారో," అన్నాడు ఫోర్మన్ గారు ఎవరివైపూ చూడకుండా. కుర్చీ చేతులమీద బరువు వేసి పైకి లేచాడు. పడకగదివైపు రెండడుగులు వేశాడు.

"వంటింటిది కూడా," అంది ఆయన భార్య లైట్లమ్మతో. "స్విచ్చి నా చేతికి అందేచోట. రాసుకున్నారా?"

రాసుకున్నానంది లైట్లమ్మ. 

దారాలత్త కోటు మడిచి పీటమీద పెట్టి, రండి, గదిలో ఎక్కడో ఇప్పుడే చూద్దాం అంది. లైట్లమ్మ కర్రా సుద్దముక్కా తీసుకుని వెంట నడిచింది. మధ్యగదిలో దారాలత్త తన చాపమీద, తన చోట, రోజూ కూర్చున్నట్టే కూర్చుంది. లేవకుండా కుడిచెయ్యి గోడవైపు చాపింది. వేళ్ళు ఎక్కడ ఆనాయో అక్కడ లైట్లమ్మ ఇంటూ గీసింది. ఎత్తు కొలవాలి. టేపు పట్టుకోవడానికి మేస్త్రీని కేకేయబోయింది.

ఫోర్మన్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పడకగదివైపు బయల్దేరినవాడు అటు వెళ్ళనేలేదు. తను లేకుండా ఆ ఇంట్లో దేనికీ కొలత తీసినవాళ్ళు లేరు, కాళ్ళు ఊరుకోలేదు కాబోలు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వెళ్ళమనీ అనలేదు.

దారాలత్త గోడమీద చెయ్యి తియ్యకుండా తల తిప్పి చూసింది.

"అక్కడేం చేస్తావన్నయ్యా, ఇటు రా. ఆ టేపు కొస నేలకి ఆనించి పట్టుకో."

ఆయన మోకాళ్ళమీద చేతులేసుకుని, మూలుగుతూ, మెల్లగా కిందికి వంగాడు. టేపు కొస వేళ్ళతో పట్టుకున్నాడు. లైట్లమ్మ రెండో కొస ఇంటూదాకా లాగింది. సరిగ్గా చదివేలోపు కింద టేపు జారింది.

"కదపకు," అంది చెల్లెలు. "గట్టిగా పట్టుకో."